ఒక అణువు – పలు నామాలు

ఒక ఊరిలో ఒకే మనిషికి పలు పిలుపులు ఉంటాయి. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేంకటసుబ్బయ్య. ఇంట్లో బుజ్జి. తమ్ముని పిల్లలకు పెదనాన్న, అక్క పిల్లలకు మేనమామ, బడిపిల్లలకు లెక్కల మాస్టారు. ఊరివారికి ఇందులో తికమక ఏమీ లేదు. కాని ఉద్యోగంలో కొత్తగా చేరిన తపాలా మనిషి చేతికి ఈ పేర్లతో నాలుగు ఉత్తరాలు వస్తే, అతడు నాలుగు ఇళ్ళ కోసం వీధులన్నీ తిరుగుతాడు. నలుగురూ ఒక్కరేనని ఎవరైనా చెప్పేదాకా ఆ ఉత్తరాలు చేరవలసిన చోటికి చేరవు.

జీవకణంలోని అణువుల విషయంలో శాస్త్రజ్ఞుల పరిస్థితి చాలాకాలం ఆ తపాలా మనిషి పరిస్థితివలెనే ఉండేది. కణ సంకేతాలను పరిశోధించే శాఖలో ఈ చిక్కు మరింత ముదిరింది. ఎందుకో తెలియాలంటే ముందు కణ సంకేతం అంటే ఏమిటో కొంత తెలుసుకోవాలి.

మానవ శరీరంలో లక్షల కోట్ల కణాలున్నాయి. వీటిలో ఏ కణమూ ఒంటరిగా బతకదు. ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు విభజన చెందాలో, ఎప్పుడు మరణించాలో దానికి ఇతర కణాల నుండి కబురు అందుతూనే ఉంటుంది. ఆ కబురును మోసుకొని వచ్చేది ఒక అణువు. అది కణం ఉపరితలంపై ఉండే గ్రాహకం అనే మరొక అణువును తాకుతుంది. గ్రాహకం లోపలి ప్రోటీన్‌ను మేల్కొలుపుతుంది. ఆ ప్రోటీన్‌ మరొకదానిని, అది ఇంకొకదానిని మేల్కొలుపుతాయి. ఇలా చేయి మారుతూ వార్త కేంద్రకానికి చేరి, అక్కడ కొన్ని జన్యువులను పనిలోకి దించుతుంది. ఈ మేల్కొలుపులో అధికభాగం కైనేజ్‌లు అనే ఎంజైముల పని. అవి ఏటీపీ అనే అణువు నుండి ఒక ఫాస్ఫేటును తీసి, తరువాతి ప్రోటీన్‌కు తగిలిస్తాయి. ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్‌ లోమన్‌, అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్‌ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు వేర్వేరుగా కనుగొన్నారు. భీమవరంలో జన్మించిన సుబ్బారావు, ఫిస్కేతో కలిసి రూపొందించిన భాస్వరాన్ని కొలిచే పద్ధతి జీవరసాయన శాస్త్రానికి ఎంతో మేలు చేసింది. నేటి కణ సంకేత శాస్త్రమంతా ఆ ఫాస్ఫేటు చుట్టూనే తిరుగుతున్నదని చెప్పినా అది అతిశయోక్తి కాదు.

ఇక పేర్ల సంగతి. ఒక ప్రోటీన్‌ను కనుగొన్నవారు దానికి పేరు పెడతారు. ఎముకలను పరిశోధించేవారు ఎముకకు సంబంధించిన పేరు పెడతారు. రక్తకణాలను పరిశోధించేవారు రక్తానికి సంబంధించిన పేరు పెడతారు. ఒకే ప్రోటీన్‌ ఎముకలోనూ, రక్తంలోనూ ఉంటే దానికి రెండు పేర్లు వస్తాయి. పేర్లు పెట్టినవారు చదివే పత్రికలు వేరు, వెళ్ళే సభలు వేరు. కాబట్టి ఒకరి సంగతి మరొకరికి తెలియదు.

ఇందుకు చక్కని ఉదాహరణ 1997, 1998 సంవత్సరాలలో జరిగిన ఒక సంఘటన. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్‌ విశ్వవిద్యాలయంలో రోగనిరోధక కణాలను పరిశీలిస్తున్నవారికి ఒక ప్రోటీన్‌ దొరికింది. వారు దానికి ట్రాన్స్‌ అని పేరు పెట్టారు. అమెరికాలోని ఇమ్యునెక్స్‌ సంస్థవారికి కూడా రోగనిరోధక వ్యవస్థను పరిశోధించే మార్గంలోనే ఒక ప్రోటీన్‌ దొరికింది. వారు దానిని ర్యాంక్‌ లైగాండ్‌ అన్నారు. ఆమ్‌జెన్‌ అనే మరొక సంస్థవారు ఎముక అరుగుదలను ఆపే ఆస్టియోప్రొటెజెరిన్‌ అనే ప్రోటీన్‌తో పని చేస్తూ, దానికి అతుక్కొనే జతగాడు ఏదని వెతికారు. దొరికినదానికి ఆస్టియోప్రొటెజెరిన్‌ లైగాండ్‌ అని పేరుంచారు. జపాన్‌లో స్నో బ్రాండ్‌ అనే పాల ఉత్పత్తుల సంస్థకు చెందిన పరిశోధకులు ఎముకను కొరికి కరిగించే కణాలు ఎలా పుడుతున్నాయని అన్వేషిస్తున్నారు. వారికి దొరికిన ప్రోటీన్‌కు ఆస్టియోక్లాస్ట్‌ డిఫరెన్షియేషన్‌ ఫ్యాక్టర్‌ అనే పేరు వచ్చింది.

నాలుగు పేర్లు, నాలుగు ప్రయోగశాలలు. తీరా సరిపోల్చి చూస్తే అణువు ఒక్కటే!

ఇది కేవలం కాగితంమీది గందరగోళం అయితే దానిని పట్టించుకోవలసిన అవసరం లేదు. కాని ఈ నాలుగూ ఒకటేనని తేలినప్పుడు బయటపడిన సత్యం చిన్నది కాదు. రోగనిరోధక కణాలకు కబురు పంపే అణువే ఎముకను కరిగించే కణాలకు కూడా కబురు పంపుతున్నది. కీళ్ళవాతం వంటి వ్యాధులలో కీలు వాచినచోట ఎముక ఎందుకు అరిగిపోతున్నదో ఆ ఒక్క సంగతితో చాలావరకు బోధపడింది. ఎముకకూ రోగనిరోధక వ్యవస్థకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించే శాఖకు 2000లో ఆస్టియోఇమ్యునాలజీ అనే పేరు ఏర్పడింది. అదే సంవత్సరం అమెరికాలోని ఎముకల, ఖనిజాల పరిశోధన సంఘంవారు ఒక నామకరణ సంఘాన్ని వేసి, ఈ నాలుగు పేర్లలో ర్యాంక్‌ లైగాండ్‌ అనే దానినే వాడాలని సూచించారు. ఆ అణువును అడ్డుకొనే డెనోసుమాబ్‌ అనే మందుకు 2010లో అమెరికాలో అనుమతి లభించింది. వయసు మళ్ళిన స్త్రీలలో ఎముకలు గుల్లబారే వ్యాధికి దానిని ఇస్తారు. నాలుగు పేర్లు నాలుగు దారుల్లోనే ఉండిపోయి ఉంటే, ఒక గ్రంథాలయంలో ఎముకల గురించి చదివే విద్యార్థికి పక్క అరలోనే ఉన్న సగం జ్ఞానం కనపడేది కాదు.

అమరసింహుడు తన నామలింగానుశాసనాన్ని కూర్చినప్పుడు రెండు వైపుల నుండి జాగ్రత్త పడ్డాడు. ఒకే వస్తువుకు ఉన్న అనేక పదాలను వర్గాలుగా చేర్చాడు. ఒకే పదానికి అనేక అర్థాలున్నచోట వాటిని నానార్థవర్గంలో విడిగా చెప్పాడు. కణశాస్త్రానికి కూడా ఈ రెండు బాధలూ ఉన్నాయి. పర్యాయపదాల బాధ పైన చెప్పినది. నానార్థాల బాధ దానికంటే ప్రమాదకరమైనది.

పి21 అనే పేరునే తీసుకోవచ్చు. ఇందులో పి అనే అక్షరం ప్రోటీన్‌ను సూచిస్తుంది. 21 అనేది దాని అణుభారం, కిలోడాల్టన్లలో. రాస్‌ అనే ప్రోటీన్‌ అణుభారం సుమారు అంతే కాబట్టి దానిని పి21 అని పిలిచేవారు. రాస్‌ కణాన్ని విభజన వైపు నడిపిస్తుంది. అది దెబ్బతిని ఎడతెగకుండా పని చేస్తే క్యాన్సర్‌కు దారితీస్తుంది. 1993లో మరొక ప్రోటీన్‌ వెలుగులోకి వచ్చింది. దాని అణుభారం కూడా సుమారు 21 కిలోడాల్టన్లే. అది చేసే పని కణ విభజనను ఆపడం. దానిని కూడా పి21 అన్నారు. ఒకటి బండిని తోలేది, రెండవది బండికి కళ్ళెం వేసేది. ఇద్దరికీ ఒకటే పేరు. పైగా పి21 చేత ఉత్తేజితమయ్యే కైనేజ్‌ అని ఒక ఎంజైమ్‌ ఉన్నది. ఆ పేరులోని పి21 రాస్‌ బంధువర్గానికి చెందిన చిన్న ప్రోటీన్లను ఉద్దేశించినదే తప్ప, విభజనను ఆపే పి21కు దానితో సంబంధం లేదు. తెలియని విద్యార్థి పేరు చూసి బంధుత్వం కలిపితే, ప్రయోగం ఆరంభంలోనే దారి తప్పుతుంది.

అణుభారాన్ని బట్టి పేరు పెట్టడంలో మరొక లోపం కూడా ఉంది. 1979లో వెల్లడైన పి53 అనే ప్రోటీన్‌ క్యాన్సర్‌ పరిశోధనలో ఎంతో ప్రసిద్ధమైనది. జెల్‌ అనే జిగురు పలకపై అది ప్రయాణించిన వేగాన్ని చూసి దాని భారం 53 కిలోడాల్టన్లని లెక్కగట్టారు. తరువాత దాని నిర్మాణం పూర్తిగా తెలిశాక, అసలు భారం సుమారు 44 మాత్రమేనని తేలింది. ప్రోలీన్‌ అనే అమైనో ఆమ్లం అందులో ఎక్కువగా ఉండటంవల్ల అది జెల్‌లో నెమ్మదిగా నడిచిందట. లెక్క తప్పింది, పేరు మాత్రం నిలిచిపోయింది. పుట్టినప్పుడు పొట్టిగా ఉన్నాడని పెట్టిన ముద్దుపేరు ఆరడుగులు పెరిగిన తరువాత కూడా వదలనట్లు!

పేర్లను సర్దుకోవడం ద్వారా జ్ఞానం ముందుకు సాగిన సందర్భాలలో భారతీయులకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించేది ఒకటి ఉన్నది. న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ఆర్‌.పి. శర్మ పండ్లపై వాలే చిన్న ఈగలను పెంచి, వాటిలో వంశపారంపర్యంగా వచ్చే మార్పులను పరిశీలించేవారు. కొన్ని ఈగలకు ఒక రెక్కగాని, రెండు రెక్కలుగాని లేకపోవడం ఆయన గమనించారు. ఆ మార్పుకు వింగ్‌లెస్‌, అనగా రెక్కలు లేనిది అని పేరు పెట్టి, 1973లో ఒక చిన్న నివేదికను ప్రకటించారు. 1976లో వి.ఎల్‌. చోప్రాతో కలిసి దానిని విస్తృతంగా వివరించారు. ఈగ రెక్క గురించిన ఈ పనికీ క్యాన్సర్‌కూ ఏదైనా సంబంధం ఉంటుందని అప్పుడు ఎవరూ ఊహించి ఉండరు.

1982లో అమెరికాలో రోయెల్‌ నుస్సె, హెరాల్డ్‌ వార్మస్‌ ఎలుకలలో రొమ్ము కణితులను కలిగించే ఒక వైరస్‌ను పరిశోధిస్తూ, అది తరచుగా ఒక జన్యువు పక్కన వచ్చి చేరుతున్నదని కనుగొన్నారు. వైరస్‌ చొరబడిన చోటు అనే అర్థం వచ్చేటట్లు దానికి ఇంట్‌1 అని పేరు పెట్టారు. అలాంటి చోట్లు మరికొన్ని దొరికితే ఇంట్‌2 మొదలైన పేర్లు పెడుతూ పోయారు. 1987లో ఒక విశేషం తెలిసింది. ఎలుకలోని ఇంట్‌1, ఈగలోని వింగ్‌లెస్‌ ఒకే మూలానికి చెందిన జన్యువులు. ఈగకు రెక్క మొలిపించే సంకేతమే ఎలుకలో అదుపు తప్పితే కణితిని మొలిపిస్తున్నది. మరోవైపు ఇంట్‌1కు తోబుట్టువువలె కనిపించిన ఇంట్‌2కు దానితో రక్తసంబంధమే లేదు. అది వేరే వంశానికి చెందిన ఒక పెరుగుదల కారకం. పేర్లు కలిసినవారు పరాయివారైనారు, పేర్లు కలవనివారు దగ్గరి చుట్టాలైనారు.

ఈ చిక్కును విప్పడానికి 1991లో శాస్త్రజ్ఞులు ఒక ఒప్పందానికి వచ్చారు. వింగ్‌లెస్‌లోని మొదటి అక్షరాన్నీ, ఇంట్‌ అనే మాటనూ సంధి చేసి వింట్‌ అనే కొత్త పేరును రూపొందించారు. అసలైన బంధువులందరికీ దానినే ఇంటిపేరుగా ఇచ్చి, చివర అంకెలు చేర్చారు. మానవునిలో ఈ కుటుంబానికి చెందిన జన్యువులు 19 ఉన్నాయి. ఢిల్లీ ఈగ ఇచ్చిన ఆ మొదటి అక్షరం ఇప్పటికీ వాటన్నిటి నొసటా ఉన్నది.

ఈగలపై పని చేసేవారికి చమత్కారమైన పేర్లు పెట్టడం అలవాటు. 1980లో క్రిస్టియానె నుస్లైన్‌-ఫోల్హార్ట్‌, ఎరిక్‌ వీషౌస్‌ ప్రకటించిన మార్పులలో ఒకదానివల్ల ఈగ పిల్ల ఒంటినిండా ముళ్ళవంటి రోమాలు మొలిచాయి. హెడ్జ్‌హాగ్‌ అనే ముళ్ళ జంతువు జ్ఞాపకం వచ్చి ఆ జన్యువుకు అదే పేరు పెట్టారు. ఈ పరిశోధనలకుగాను వారిద్దరూ ఎడ్వర్డ్‌ లూయిస్‌తో కలిసి 1995లో నోబెల్‌ బహుమతిని పంచుకొన్నారు. 1993లో వెన్నెముక గల జంతువులలో ఇటువంటి జన్యువులు మూడు దొరికినప్పుడు రెండింటికి నిజమైన ముళ్ళ జంతువుల పేర్లు, మూడవదానికి సోనిక్‌ అనే వీడియో ఆటలోని పాత్ర పేరు పెట్టారు. ప్రయోగశాలలో అందరూ నవ్వుకొన్నారు. కాని మానవునిలో అదే జన్యువు చెడితే గర్భస్థ శిశువు ముందుమెదడు రెండు భాగాలుగా విడిపోదు. 1996లో ఆ సంగతి రుజువైంది. కన్నబిడ్డకు వచ్చిన కష్టానికి కారణం ఫలానా వీడియో ఆట బొమ్మ పేరుగల జన్యువు అని తల్లిదండ్రులతో వైద్యుడు ఏ నోటితో చెప్పగలడు? పేరు పెట్టేవారు ఆ పేరు ఎవరి చెవిన పడుతుందో కూడా ఆలోచించాలని వైద్యులు అభ్యంతరం చెప్పడంలో న్యాయమున్నది.

మానవ జన్యువుల పేర్లను క్రమపరచే బాధ్యత హ్యూగో జన్యు నామకరణ సంఘానిది. ఈ పనికి మొదటి మార్గదర్శకాలు 1979లో వెలువడ్డాయి. నేటికి నలభై వేలకు మించిన పేర్లు ఆమోదం పొందాయి. ఒక జన్యువుకు ఒకే ఆమోదిత నామం ఉండాలి. అది మరొకదానికి ఉండరాదు. ఎవరినీ కించపరచరాదు. సాధ్యమైనంతవరకు వంశాన్ని తెలపాలి. తెలుగువారికి ఈ చివరి నియమాన్ని వేరుగా వివరించనక్కరలేదు. పాశ్చాత్యులకు వంశనామం చివర వస్తే, తెలుగువారికి ఇంటిపేరు ముందు వస్తుంది. జన్యువులకు కూడా అంతే. మాప్‌ కైనేజ్‌ అనేది ఇంటిపేరు, దాని వెనుక వచ్చే 1, 3, 14 మొదలైన అంకెలు వ్యక్తుల పేర్లు. అయితే ఇక్కడ కూడా ఒక వింత ఉన్నది. పరిశోధకులు ఎర్క్‌1 అని అలవాటుగా పిలిచేది ఆమోదిత పట్టికలో మాప్‌ కైనేజ్‌ 3. ఎర్క్‌2 అని పిలిచేది మాప్‌ కైనేజ్‌ 1. వరస తిరగబడింది! చట్టం ఒకటి చెబితే వాడుక మరొకటి చెబుతుంది. భాషలో ఎలాగో విజ్ఞానంలోనూ అలాగే వాడుకదే పైచేయి అవుతుంటుంది.

అందుకే పేరుతోపాటు సంఖ్య అవసరమైంది. ఒకే కళాశాలలో ఒకే పేరుగల విద్యార్థులు ఇద్దరుంటే పరీక్షల విభాగం చూసేది హాల్‌ టికెట్టు సంఖ్యనే. యూనిప్రాట్‌ అనే అంతర్జాతీయ ప్రోటీన్‌ నిధిలో మానవ పి53 సంఖ్య పి04637. జన్యు నామకరణ సంఘం పట్టికలో దాని జన్యువు సంఖ్య 11998. రేపు ఎవరైనా పేరు మార్చినా సంఖ్య మారదు. పాత పేర్లన్నీ ఆ సంఖ్య కిందనే పర్యాయపదాలుగా నమోదై ఉంటాయి. వాటిలో ఏ పేరుతో వెతికినా అన్వేషకుడు ఒకే గుమ్మానికి చేరుకొంటాడు.

సంకేత శాస్త్రంలో ఇది కూడా చాలదు. ఫాస్ఫేటు తగిలిన ప్రోటీన్‌, తగలని ప్రోటీన్‌ ఒకే పేరుతో, ఒకే సంఖ్యతో ఉన్నా వాటి ప్రవర్తన వేరు. ఒకటి నిద్రలో ఉన్నది, మరొకటి మేల్కొన్నది. కాబట్టి అణువు ఎవరన్నది మాత్రమేగాక, అది ఏ స్థితిలో ఉన్నదో, ఆ స్థితిలో ఎవరితో కూడి ఉన్నదో కూడా నమోదు కావాలి. జి ప్రోటీన్ల పరిశోధనకు 1994లో నోబెల్‌ బహుమతిని పంచుకొన్న ఆల్ఫ్రెడ్‌ గిల్మన్‌ 2000లో కణ సంకేతాల పరిశోధన కోసం పలు విశ్వవిద్యాలయాలను ఒక కూటమిగా చేర్చారు. ఆ కూటమి నేచర్‌ పత్రికతో కలిసి ఒక్కొక్క సంకేత ప్రోటీన్‌కు ఒక్కొక్క పుటను కేటాయించింది. ఆ ప్రోటీన్‌ను ఎరిగిన నిపుణుడు దాని స్థితులను, ఒక స్థితి నుండి మరొక స్థితికి మారే తీరును వ్రాయాలి. ఇతర నిపుణులు దానిని పరీక్షించాలి. భారతదేశంలో కూడా ఇటువంటి కృషి జరిగింది. బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ బయోఇన్ఫర్మేటిక్స్‌, అమెరికాలోని జాన్స్‌ హాప్కిన్స్‌ విశ్వవిద్యాలయంవారితో కలిసి 2003లో మానవ ప్రోటీన్ల సమాచార నిధిని వెలువరించింది. యంత్రానికి వదిలివేయకుండా జీవశాస్త్రం చదివిన యువతీయువకులు పరిశోధన పత్రాలను స్వయంగా చదివి, ఏ పేరు ఏ అణువుదో నిర్ణయించి అందులో పొందుపరచారు. ఓపికతో కూడిన ఇటువంటి పనికి బహుమతులు రావడం అరుదు.

యంత్రానికి వదిలివేస్తే ఏమవుతుందో తెలిపే కథ కూడా ఉన్నది. కణ నిర్మాణంలో పాల్గొనే సెప్టిన్లు అనే ప్రోటీన్ల జన్యువులకు సెప్ట్‌1, సెప్ట్‌2 వంటి సంక్షిప్త నామాలు ఉండేవి. మరొక కుటుంబానికి మార్చ్‌1 మొదలైన పేర్లు ఉండేవి. పరిశోధకులు జన్యువుల జాబితాలను ఎక్సెల్‌ పట్టికలలో దాచుకొంటారు. ఎక్సెల్‌ ఈ పేర్లను చూసి సెప్టెంబరు 1, మార్చి 1 అని భావించి, వాటిని తేదీలుగా మార్చివేసేది. జన్యువు మాయమై, పంచాంగం మిగిలేది! ఈ లోపాన్ని 2004లోనే కొందరు బయటపెట్టినా చాలామంది గమనించలేదు. 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు జన్యుశాస్త్ర పత్రికలలోని వ్యాసాలను తనిఖీ చేశారు. ఎక్సెల్‌ జాబితాలను జతచేసిన వ్యాసాలలో దాదాపు ఐదోవంతు వాటిలో ఇటువంటి తప్పులు బయటపడ్డాయి. పెద్ద పెద్ద ప్రయోగశాలలు సంవత్సరాలు శ్రమించి సంపాదించిన జాబితాలవి.

చివరకు మనుష్యులే తగ్గవలసి వచ్చింది. సెప్ట్‌1ను సెప్టిన్‌1గా, మార్చ్‌1ను మార్చ్‌ఎఫ్‌1గా మారుస్తూ నామకరణ సంఘం నిర్ణయం తీసుకొన్నది. ఒక్క సంవత్సర కాలంలో 27 జన్యువుల పేర్లను ఇలా మార్చినట్లు 2020 ఆగస్టులో వెలువడిన కొత్త మార్గదర్శకాల సందర్భంగా తెలిసింది. మూడేళ్ళ తరువాత, 2023లో, మైక్రోసాఫ్ట్‌ సంస్థ ఎక్సెల్‌లో తేదీల మార్పిడిని ఆపుకొనే సదుపాయాన్ని కల్పించింది. అప్పటికి సెప్టిన్లు కొత్త పేర్లకు అలవాటుపడ్డాయి. పాత పేర్లు పర్యాయపదాల వరుసలో చేరి, పాత వ్యాసాలను వెతికేవారి కోసం అక్కడే ఉన్నాయి.